వణుకు తగ్గాక ఇంట్లో మొదలయ్యే మార్పు

పార్కిన్సన్స్ ముదిరి, మందు బిళ్లల ప్రభావం నిలకడగా ఉండనప్పుడు డాక్టర్లు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఆపరేషన్ సూచిస్తారు. మెదడు లోపల సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న భాగంలోకి సన్నటి తీగలు దించి, చెవి వెనకగా చర్మం కిందనుంచే తెచ్చి, ఛాతీ పైభాగంలో అమర్చిన బ్యాటరీకి కలుపుతారు. సెకనుకు దాదాపు 130 సార్లు కరెంటు తాకుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలీమ్ లూయీ బెనాబిద్ 1987లో బాట వేసిన ఈ చికిత్స ఇప్పుడు హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. బిగుసుకుపోయిన చెయ్యి వదులవడం చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఈ ఆపరేషన్ జయాపజయాలను చేతి వణుకుతోనే లెక్కగట్టడం సరికాదు. కట్టుకున్నవాళ్లతో బతుకు ఎలా ఉందన్నదీ ఆ లెక్కలోకి రావాలి.

పారిస్ వైద్యుల బృందం 2006లో ప్రచురించిన అధ్యయనమే ఇందుకు సాక్ష్యం. 29 మంది రోగులతో ఆపరేషన్‌కు ముందూ, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల తర్వాతా తీరిగ్గా మాట్లాడారు. కదలికలు బాగుపడ్డాయి. అయినా 24 జంటల్లో 17 జంటల మధ్య కలతలు కనిపించాయి. అంతకుముందు ఉద్యోగం చేస్తున్న 16 మందిలో 9 మందే తిరిగి పనిలోకి వెళ్లారు. ఆలోచిస్తే ఇందులో వింత లేదు. చొక్కా గుండీలు పెట్టడం, వేళకు మాత్ర అందించడం, బాత్రూమ్ దాకా చెయ్యి పట్టి నడిపించడం: ఏళ్ల తరబడి భార్య రోజంతా వీటి చుట్టూనే తిరిగి ఉంటుంది. ఒక్కసారిగా భర్త ఒంటరిగా బజారుకు బయల్దేరితే ఆమెకు భయం, అడ్డుకుంటే ఆయనకు కోపం. ఒక్కోచోట ఇది తిరగబడుతుంది: బాగయ్యాడు కదా, ఇక అన్నీ చూసుకుంటాడని ఆమె అనుకుంటుంది, ఆయన మనసు ఇంకా రోగిగానే ఉంటుంది.

ఈ తగాదాలకు కరెంటునే నిందించడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయం కాదు. ప్రామిపెక్సోల్ వంటి మందులే కొందరిలో జూదపు వ్యసనాన్ని, అదుపులేని లైంగిక కోరికను రేపుతాయి. ఆపరేషన్ తర్వాత మందుల మోతాదు బాగా తగ్గిస్తే దేనిమీదా ఆసక్తి లేని స్తబ్ధత ఆవరించవచ్చు. డీబీఎస్ వల్ల స్వభావం మారుతుందనడానికి రుజువులు పలచనివని ఫ్రెడరిక్ గిల్బర్ట్ వంటి పరిశోధకులు వాదించారు, ఆ హెచ్చరిక విలువైనదే. అలాగని కరెంటుకు పాత్రే లేదనలేం. దాదాపు సమానంగా తోచే రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ఎవరైనా కాస్త ఆగుతారు. కరెంటు నడుస్తున్నప్పుడు రోగులు ఆగకుండా తొందరపడుతున్నారని మైకేల్ ఫ్రాంక్ బృందం 2007లో చూపింది.

నెదర్లాండ్స్‌లో 62 ఏళ్ల రోగి ఉదంతం మరీ బాధాకరం. కరెంటు ఉంటే నడవగలడు, కానీ ఉన్మాదపు ఉత్సాహంతో అప్పులపాలయ్యాడు. ఆపేస్తే మనసు కుదుటపడేది, ఒళ్లు మంచానికి అతుక్కుపోయేది. కరెంటు ఆపి, తెలివి నిలకడగా ఉన్నప్పుడే ఏది కావాలని అడిగారు. మానసిక వైద్యశాలలో ఉండాల్సి వచ్చినా సరే, కరెంటే కావాలన్నాడు. అతని ఎంపికను తప్పుపట్టే అర్హత మనకెవరికీ లేదనుకుంటాను.

ఇలాంటివి అరుదు, ఎక్కువమందికి మేలే జరుగుతుంది అంటారు. నిజమే. 251 మందిపై జరిపి 2013లో వెలువరించిన పరిశోధనలో, మందులు మాత్రమే వాడినవారికంటే ఆపరేషన్ చేయించుకున్నవారి జీవన నాణ్యత మెరుగైంది. కాబట్టి భయపడి మానుకోమని చెప్పడం లేదు. కరెంటు మోతాదు మార్చుకునే వీలుంది, ఎప్పుడు మార్చాలో తెలియడమే కష్టం. ఉత్సాహం హద్దు దాటినవాడు డాక్టరు ముందు బ్రహ్మాండంగా ఉన్నానంటాడు. రాత్రంతా నిద్రపోకుండా ఆన్‌లైన్‌లో కొంటున్నది భార్యకే తెలుసు. మన ఆసుపత్రుల్లో ఆమె మాట అడిగినా భర్త పక్కనుండగానే అడిగితే నోరు విప్పదు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఒకసారి, తర్వాత కరెంటు మోతాదు సరిచేయించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ఆమెతో విడిగా పది నిమిషాలు మాట్లాడాలి.