ఈమెయిల్ వార్తాలేఖ: రోజూనా, జుమాకొకటా?

కర్నూలు, కడపల్లో మసీదు కమిటీ అయినా, స్కూలైనా, చిన్న దుకాణమైనా ఈమెయిల్‌లో వార్తాలేఖ పంపాలనుకుంటే మొదటి ప్రశ్న ఇదే: ఎన్ని రోజులకొకటి?

చెప్పే విషయం ఎంత త్వరగా మారితే అంత. రంజాన్‌లో సెహ్రీ, ఇఫ్తార్ టైములు మారుతుంటాయి కాబట్టి రోజూ పంపినా చదువుతారు. స్కాలర్‌షిప్, హజ్ దరఖాస్తుల వివరాలకు వారానికొకటి చాలు. ఊరికే రోజూ పంపితే జనం తెరవడం మానేస్తారు. గడువు తేదీ ఉన్న లేఖ కూడా వాటిల్లోనే కలిసిపోతుంది, పిల్లల స్కాలర్‌షిప్ పోతుంది. గడువు దగ్గరపడితే మాత్రం విడిగా ఒకటి పంపండి.

కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగానే మొదలైంది. దినపత్రిక అయింది 1914లో, మద్రాసులో. మనమూ ముందు వారం తప్పకుండా పంపుదాం. జుమాకు వస్తుందని నమ్మకం కుదిరితే వాళ్లే ఎదురుచూస్తారు.