గుడ్డ రెక్కల గాలిమోటరు

కట్టంగూర్ పొలాల్లో ఆడవాళ్లు నాటు వేస్తుంటారు. పైన చప్పుడైతే తల ఎత్తి చూస్తారు. గాలిమోటరు పోతుంటుంది. అదే విమానం. ఇప్పటి విమానాలకు ఎక్కువగా రేకు వాడతారు. మరి పాతవి ఎట్లుండేవి?

1918లో మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్నది. అప్పుడు నల్లగొండ నిజాం రాజ్యంలో ఉండేది. నిజాం ఆంగ్లేయుల సైన్యానికి యుద్ధ విమానాలు కొనిచ్చాడు. వాటి మీద హైదరాబాదు పేరు రాశారు. నిజాం ఖజానాకు పెద్ద రాబడి రైతులు కట్టే శిస్తు.

ఆ విమానం రెక్కల చట్రం కర్రతో చేసేవారు. దాని మీద నార గుడ్డ కప్పి కుట్టేవారు. పైన మందు పూస్తే గుడ్డ డప్పు తోలులా బిగుసుకునేది. ఇంగ్లండు ఫ్యాక్టరీల్లో ఆ కుట్టుపని ఎంతో మంది ఆడవాళ్లు చేశారు. కుట్టు సరిగా లేకుంటే నడిపేవారి ప్రాణానికే ముప్పు. అంత పని చేసినా, సైన్యంలో విమానం నడిపే పని మాత్రం ఆడవాళ్లకు ఇయ్యలేదు.

నిజాం ఇచ్చిన విమానాల్లో ఒకటి ఇంకా ఉంది. పాత విమానాలంటే ప్రాణం పెట్టేవారు దాన్ని బాగుచేసి ఇంగ్లండు మ్యూజియంలో దాచారు.

తర్వాత 98 ఏండ్లు గడిచాయి. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో వైమానిక దళం అకాడమీ ఉంది. 2016 జూన్ 18న అక్కడ ముగ్గురు ఆడపిల్లలు యుద్ధ విమానాలు నడిపే అధికారులయ్యారు. వాళ్లు అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్. మన దేశంలో వాళ్లే మొదటివాళ్లు. 2018లో అవని మిగ్-21 విమానాన్ని ఒంటరిగా నడిపారు.

ఈసారి గాలిమోటరు చప్పుడు వినపడితే తల ఎత్తి చూడండి. దాన్ని నడిపేది ఒక ఆడబిడ్డ కావచ్చు.