వేరియబుల్ వాల్వ్ టైమింగ్ - లోపాలను గుర్తించుట

వేరియబుల్ వాల్వ్ టైమింగ్ అనగా కారు ఇంజనులోని కవాటాలు తెరుచుకొనే, మూసుకొనే సమయాన్ని ఇంజను వేగానికీ, దానిపై పడే భారానికీ తగినట్లు మార్చే యంత్రాంగం. అమ్మకానికి వచ్చిన కార్లలో దీనిని మొదటిసారిగా 1980లో ఇటలీకి చెందిన ఆల్ఫా రోమియో సంస్థ వాడింది. భారతదేశంలో 2011లో విడుదలైన మారుతి సుజుకీ స్విఫ్ట్ పెట్రోలు ఇంజనులోనూ ఇది ఉంది.

పనిచేయు విధానం

క్రాంక్ షాఫ్టు రెండుసార్లు తిరిగినప్పుడు, కవాటాలను తెరిచే క్యామ్ షాఫ్టు ఒకసారి తిరుగుతుంది. ఈ రెండింటినీ టైమింగ్ చైను కలుపుతుంది. క్యామ్ షాఫ్టు చివరనున్న పళ్ళచక్రంలో ఫేజర్ అనే భాగం ఉంటుంది. ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో ఫేజర్ గదులలో ప్రవేశించి, క్యామ్ షాఫ్టును కొన్ని డిగ్రీలు ముందుకో వెనుకకో జరుపుతుంది. ఆయిల్ ప్రవాహాన్ని సోలినాయిడ్ వాల్వు, ఆ వాల్వును ఇంజన్ కంప్యూటరు నియంత్రిస్తాయి. ఆయిల్ ఇక్కడ కందెనగానూ, కదిలించే శక్తిగానూ పనిచేస్తుంది కనుక లోపాల వెదుకులాట ఆయిల్ తోనే మొదలుకావాలి.

లక్షణాలు

* చల్లని ఇంజనును స్టార్టు చేయగానే క్షణకాలం గలగలమని శబ్దం
* నిలిపి ఉంచినప్పుడు ఇంజను వణకడం, ఆగిపోవడం
* మైలేజీ తగ్గడం, ఎత్తు ఎక్కునపుడు బలం చాలకపోవడం
* చెక్ ఇంజన్ దీపం వెలగడం

చివరి రెండు లోపాలు ఘాట్ రోడ్లపై స్పష్టంగా తెలుస్తాయి. ఉదాహరణకు, హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే వాహనాలు నల్లమల అడవి గుండా కృష్ణానది లోయలోకి దిగి, వంతెన దాటి, నంద్యాల జిల్లాలోని సున్నిపెంట వైపు మలుపుల దారిలో ఎక్కాలి. ఇటువంటి అటవీ మార్గంలో కారు ఆగితే సహాయం త్వరగా అందదు. కావున లోపాన్ని ప్రయాణానికి ముందే సరిచేసుకోవాలి.

పరీక్షించు క్రమం

# కారును సమతల నేలపై ఆపి, ఇంజను ఆర్పిన కొద్ది నిమిషాలకు ఆయిల్ మట్టం చూడాలి. ఆయిల్ పాతబడినా, తయారీదారు చెప్పిన గ్రేడు కాకపోయినా ఆయిల్, ఫిల్టరు మార్చాలి.
# స్కానరుతో లోపసంకేతాలు చదవాలి. పి0011 క్యామ్ షాఫ్టు ఎక్కువగా ముందుకు జరిగిందనీ, పి0012 వెనుకబడిందనీ, పి0016 క్రాంక్, క్యామ్ షాఫ్టుల స్థానాలు పొసగడం లేదనీ తెలుపుతాయి.
# సోలినాయిడ్ వైర్లు, కనెక్టరు చూసి, నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవాలి. పలు టయోటా ఇంజన్లలో ఇది 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 6.9 నుండి 7.9 ఓములు. ఇతర కార్లకు సర్వీసు పుస్తకం చూడాలి.
# వాల్వు జల్లెడలో మడ్డి ఉంటే శుభ్రపరచాలి.
# ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా స్కానరుతో సోలినాయిడ్ ను పనిచేయించాలి. అప్పుడు ఇంజను వణికినా, ఆగిపోయినా ఫేజర్ కదులుతున్నట్లే.
# మార్పు లేకుంటే ఆయిల్ ఒత్తిడి, చైను సాగుదల పరీక్షించి, చివరగా మాత్రమే ఫేజర్ మార్చాలి.

సంకేతం చూడగానే ఫేజర్ మారిస్తే ఖర్చు పెరుగుతుంది. మురికి ఆయిల్ కారణమైతే కొత్త ఫేజరూ చెడిపోతుంది.

హెచ్చరిక

ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే వాహనాన్ని సురక్షిత స్థలంలో నిలిపి వెంటనే ఇంజను ఆర్పాలి. పి0016తో పాటు ఎడతెగని చైను శబ్దం ఉంటే కారును నడపరాదు. చైను పళ్ళు తప్పితే అనేక ఇంజన్లలో పిస్టన్లు కవాటాలను ఢీకొని, మొత్తం ఇంజను దెబ్బతింటుంది.