మీకు తెలుసా? పుంజు పౌరుషం ఎక్కడుంది!

2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి పోలీసు స్టేషన్‌లో ఓ కోడిపుంజు తాడుకు కట్టేసి ఉండి, గింజలు ఏరుకు తింటూ కనిపించింది. లొత్తునూరులో పందేనికి కాలికి కత్తి కట్టాక అది తప్పించుకోబోయింది. ఆ పెనుగులాటలో కత్తి తగిలి యజమానే చనిపోయాడు.

ఇంతకీ పుంజులకు పౌరుషం ఎక్కడిది?

జర్మనీలో శాస్త్రవేత్త ఆర్నాల్డ్ బెర్తోల్డ్ వృషణాలు తీసేసిన పిల్లపుంజులు సరిగా కూయలేదు, కొట్లాడలేదు. పొట్టలో వృషణం అమర్చిన పుంజులు మాత్రం కయ్యానికి కాలు దువ్వాయి! నరాల సంబంధం తెగినా ప్రభావం ఆగలేదు కాబట్టి, ఏదో పదార్థం రక్తం ద్వారానే ఒళ్లంతా పాకుతోందని 1849లో ఆయన తేల్చారు. ఆ పదార్థమే టెస్టోస్టిరాన్. దాన్ని 1935లో వేరుచేశారు.

అది పనిచేసే చోట్లలో మెదడు అడుగునున్న హైపోథాలమస్ ఒకటి. శాస్త్రవేత్త వాల్టర్ హెస్ అక్కడ స్వల్పంగా కరెంటు ఇస్తే, పిల్లి రోమాలు నిక్కబొడుచుకుని బుసకొట్టింది. ఆ భాగంపై పరిశోధనలకే ఆయనకు 1949లో నోబెల్ దక్కింది.