మెథోట్రెక్సేట్‌: గంటలు లెక్కపెట్టి ఇచ్చే మందు

కీళ్లవాతానికి మందులు వాడేవాళ్లలో చాలామంది వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే గోలీ ఒకటుంది. అందులో ఉండేది మెథోట్రెక్సేట్‌. వారం మొత్తానికి 15 మిల్లీగ్రాములు, కాస్త అటూ ఇటూ. మోకాలి దగ్గర ఎముకకు క్యాన్సర్‌ వచ్చిన కుర్రాడికి ఇదే మందును సెలైన్‌లో కలిపి నాలుగు గంటల్లో నరంలోకి ఎక్కిస్తారు. లెక్క చదరపు మీటరు ఒంటి వైశాల్యానికి 12 గ్రాములు. ఒళ్లు చదరపు మీటరున్నర ఉన్న పిల్లవాడికి 18 గ్రాములు పడుతుంది. గోలీల లెక్కలో అది 1200 వారాల మందు. 23 ఏళ్లు వేసుకోవాల్సింది ఒక్కపూటలో ఒంట్లోకి పోతుంది.

వారానికోసారి వేసుకోవాల్సిన గోలీని పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు అనేక దేశాల్లో ఉన్నారు. 18 గ్రాములు ఎక్కించుకున్న పిల్లవాడు మాత్రం, అంతా సవ్యంగా సాగితే, నాలుగైదు రోజుల్లో తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్తాడు. ఈ మందు ఎంత ఎక్కిందన్నదానికంటే ఒంట్లో ఎన్ని గంటలు నిలిచిందన్నదే ఎక్కువ ప్రమాదం తెచ్చిపెడుతుంది. కొద్దిగానే అయినా రోజుల తరబడి నిలిస్తే మజ్జ, పేగుల పొర కోలుకునే వ్యవధి ఉండదు. కొండంత ఎక్కినా సమయానికి బయటికి పోతే బతికించుకోవచ్చు. దీని చుట్టూ ఉన్న జాగ్రత్తల్లో చాలాభాగం ఇక్కడినుంచే పుట్టాయి.

ఈ మందు పుట్టుకలో మనవాడి చేయి ఉంది. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో న్యూయార్క్‌ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన నడిపించిన బృందం 1945 నాటికి ఫోలిక్‌ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆకుకూరల్లో దొరికే ఈ విటమిన్‌ లేకపోతే కణం రెండుగా చీలలేదు. కొత్త డి.ఎన్‌.ఎ. కట్టుకోవడానికి కావలసిన సరుకు దీని సాయంతోనే తయారవుతుంది. అంతకు పదిహేనేళ్ల ముందు బొంబాయిలో లూసీ విల్స్‌ అనే డాక్టరు గర్భిణుల రక్తహీనతను ఈస్ట్‌ సారంతో నయం చేసినప్పుడు లోపల పనిచేసింది కూడా ఇదే.

అదే కాలంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌ రక్తక్యాన్సర్‌ పిల్లలకు ఫోలిక్‌ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చి చూశారు. రోగం తగ్గకపోగా ముదురుతున్నట్టు కనిపించింది. అలాగైతే ఈ విటమిన్‌ను అడ్డుకుంటే ఏమవుతుంది? సుబ్బారావు బృందం ఫోలిక్‌ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పని మాత్రం చేయని నకిలీలను తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్‌ తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం రోగం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్‌ ప్రకటించారు. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో, 53 ఏళ్లకు సుబ్బారావు పోయారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్‌ తర్వాత దాని చోటు ఆక్రమించింది. 1956లో అమెరికాలో మిన్‌ చియు లీ, రాయ్‌ హెర్ట్జ్‌ ఇద్దరూ మావి కణాల నుంచి పుట్టే ఒక గర్భాశయ క్యాన్సర్‌ను దీనితో పూర్తిగా నయం చేశారు. గడ్డగా పెరిగే క్యాన్సర్‌ కేవలం మందుతో నయమవడం అదే మొదలు. సుబ్బారావును పొగిడే వ్యాసాలు తెలుగులో చాలానే వచ్చాయి. ఆయన మందు ఎక్కించుకున్నవాడు ఇంటికొచ్చాక ఏం చేయాలో చెప్పేవి మాత్రం అంతగా కనిపించవు.

విరుగుడుకూ ఒక వేళ

మెథోట్రెక్సేట్‌ క్యాన్సర్‌ కణాన్ని వెతుక్కుంటూ పోదు. వేగంగా చీలే ప్రతి కణాన్నీ ఆపుతుంది. ఎముక మజ్జ, నోటి పొర, పేగుల లోపలి పొర, జుట్టు కుదుళ్లు అలాంటివే. మరి వాటిని కాపాడేదెలా?

బోధన్‌, బాన్సువాడల నడుమ నిజాంసాగర్‌ కాలువ నీళ్లు పారే రుద్రూర్‌లో వరి, చెరకు పరిశోధన కేంద్రం ఉంది. ఆ చుట్టుపక్కల రైతుకు ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. మొలకెత్తిన వడ్లు వెదజల్లిన మడిలో ప్రెటిలాక్లోర్‌ అనే గడ్డిమందు వాడాలంటే సేఫ్‌నర్‌ కలిసినదే కొనాలి. అది లేనిది చల్లితే ఊదతోపాటు వరి మొలకా దెబ్బతింటుంది. కీమోలో ఆ సేఫ్‌నర్‌ పని చేసేది ల్యుకోవోరిన్‌. మెథోట్రెక్సేట్‌ మూసేసిన దారిని తప్పించి, కణానికి తయారైన ఫోలేట్‌ను అందిస్తుంది. అయితే గడ్డిమందులో సేఫ్‌నర్‌ ఒకే డబ్బాలో కలిసి వస్తుంది, ఇక్కడ అలా కలపకూడదు. ల్యుకోవోరిన్‌ ముందే ఇస్తే క్యాన్సర్‌ కణం కూడా బతికిపోతుంది. అందుకే మందు ఎక్కించడం మొదలుపెట్టిన దాదాపు 24 గంటలకు మొదటి మోతాదు ఇచ్చి, ఆ తర్వాత ఆరు గంటలకోసారి కొనసాగిస్తారు. రెండు రోజులు దాటేదాకా ఆలస్యమైతే జరిగిన నష్టాన్ని వెనక్కి తిప్పడం కష్టం. అర్ధరాత్రి రెండింటికి పడాల్సిన మోతాదు అర్ధరాత్రి రెండింటికే పడాలి. నర్సు మరిచిపోతే లేపి అడిగే హక్కు రోగి తాలూకు మనిషికి ఉంది. అడగడానికి మొహమాటపడొద్దు.

మూత్రమే అసలు దారి

ఎక్కిన మందులో 90 శాతం దాకా మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది. కానీ ఆమ్ల గుణమున్న మూత్రంలో ఇది సరిగా కరగదు. సన్నటి స్ఫటికాలుగా మారి మూత్రపిండాల నాళాల్లోనే పేరుకుంటుంది. అవి దెబ్బతింటే మందు బయటికి పోదు, పోని మందు వాటిని ఇంకా దెబ్బతీస్తుంది. అందుకే ముందుగా క్రియాటినిన్‌ పరీక్ష చేస్తారు. చాలా గంటల ముందునుంచే సెలైన్‌, అందులో సోడియం బైకార్బొనేట్‌ ఎక్కిస్తారు. మూత్రం పీహెచ్‌ 7కు చేరాకే మందు మొదలవుతుంది. పీహెచ్‌ 6 నుంచి 7కు మారితే ఈ మందు కరిగే గుణం అయిదు రెట్లకు మించి పెరుగుతుంది. మంచం పక్కన కూర్చున్నవాళ్లకు ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ పెద్ద పని ఒకటే. పోసిన ప్రతిసారీ ఎంతో కొలిచి కాగితం మీద రాయడం. చూడటానికి చిన్న పనిలా ఉంటుంది కానీ ఖరీదైన యంత్రాలకంటే ఇదే ముందు ప్రమాదాన్ని పట్టిస్తుంది.

24, 48, 72 గంటలకు రక్తం తీసి అందులో మందు ఎంత మిగిలిందో చూస్తారు. లీటరుకు 0.1 మైక్రోమోల్‌ కిందికి దిగేదాకా ల్యుకోవోరిన్‌ ఆపరు. “డిశ్చార్జి ఎప్పుడు సార్‌?” అని అడిగితే “లెవెల్‌ రానీ అమ్మా” అనే జవాబు వచ్చేది ఇందుకే. ఊపిరితిత్తుల చుట్టూ గానీ పొట్టలో గానీ నీరు చేరినవాళ్లకు మందు ఆ నీటిలో దాగి మెల్లగా రక్తంలోకి వస్తుంటుంది, కాబట్టి ముందు ఆ నీటి సంగతి చూడాలి. లెవెల్‌ దిగక, మూత్రపిండాలు మొరాయిస్తే గ్లూకార్పిడేజ్‌ అనే ఎంజైమ్‌ ఉంది. రక్తంలోని మెథోట్రెక్సేట్‌ను నిమిషాల్లో ముక్కలు చేస్తుంది. అమెరికాలో 2012లో అనుమతి పొందింది. ధర మాత్రం మామూలు కుటుంబానికి అందేది కాదు.

మందు బయటికి పోకుండా పట్టి ఆపే వాటిలో మన ఇళ్లలో మామూలుగా దొరికేవే ఎక్కువ. నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్‌, ఇబుప్రొఫెన్‌, ఆస్పిరిన్‌; గ్యాస్‌కని వేసుకునే పాంటాప్రజోల్‌, ఒమెప్రజోల్‌; యాంటీబయోటిక్స్‌లో కో-ట్రైమాక్సజోల్‌, అమాక్సిసిలిన్‌ జాతి. కోలా తాగిన రోగిలో మందు ఆలస్యంగా దిగిన ఉదంతం ఒకటి వైద్యపత్రికలో నమోదైంది. కోలా మూత్రాన్ని ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. వాడుతున్న ప్రతి గోలీ, చివరికి బలానికని తాగే సిరప్‌ కూడా, చేరిన రోజే డాక్టరు ముందు పెట్టాలి.

ఊళ్లో గడిపే రెండో వారం

వాంతులు మొదటి రెండు రోజుల్లో ఉంటాయి, వాటికి ఇప్పుడు మంచి మందులున్నాయి. కాలేయం పరీక్షల అంకెలు కొన్నాళ్లు పెరిగి తగ్గుతాయి. జుట్టు పలచబడవచ్చు, మళ్లీ వస్తుంది. అరుదుగా కొందరికి మాట తడబడటం, ఒక పక్క చేయీ కాలూ బలహీనపడటం, మూర్ఛ వస్తాయి. పొడి దగ్గుతో ఆయాసం కూడా అరుదే గానీ తేలిగ్గా తీసుకోవద్దు. వీటిలో ఏది కనబడినా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

నోరు పూయడం మూడో రోజునుంచి వారం లోపల మొదలవుతుంది. ఉప్పు, తినే సోడా కలిపిన నీళ్లతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి, మెత్తటి బ్రష్‌ వాడాలి, కారం పచ్చళ్లు పక్కన పెట్టాలి. మంచినీళ్లు కూడా మింగలేని స్థితి వచ్చిందంటే మందు ఇంకా ఒంట్లో మిగిలి ఉందేమోనని అనుమానించాలి.

అసలు భయం ఏడో రోజునుంచి పద్నాలుగో రోజు మధ్య. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అడుగంటే రోజులవి. ఆ రోజుల్లో రోగి హైదరాబాద్‌ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్‌.జె. ఆసుపత్రిలోనో మరోచోటో కాకుండా సొంత ఊళ్లో, నాలుగైదు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉంటాడు. జ్వరం వస్తుంది. ఇంటి పక్క ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి డైక్లోఫెనాక్‌ సూది వేస్తాడు. చెమట పట్టి జ్వరం దిగుతుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఒక్క సూదిలో మూడు తప్పులున్నాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి కండలో సూది గుచ్చితే లోపల రక్తం గడ్డకట్టి కూర్చుంటుంది. డైక్లోఫెనాక్‌ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అన్నిటికంటే పెద్దది, జ్వరం దిగినా లోపలి ఇన్‌ఫెక్షన్‌ దిగదు. తెల్లకణాలు లేని ఒంట్లో అది కొన్ని గంటల్లోనే రక్తమంతా పాకుతుంది. ఆర్‌ఎంపీని తిట్టడం వల్ల లాభం లేదు. పిలిస్తే పలికేవాడు అతనొక్కడే. కీమో కాగితం అతనికి ముందే చూపించి “సూది వద్దు, జ్వరమొస్తే బండి మాట్లాడి పెట్టు” అని చెప్పుకోవడం మేలు.

థర్మామీటర్‌ ఒకటి ఇంట్లో ఉండాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌ చూపితే, అర్ధరాత్రయినా సరే, 108కి ఫోన్‌ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి బయల్దేరాలి. పారాసిటమాల్‌ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. చేరిన గంటలోపల యాంటీబయోటిక్‌ నరంలోకి ఎక్కాలన్నది ప్రపంచమంతటా పాటిస్తున్న పద్ధతి.

ఇంకొకటి ఎవరి దృష్టికీ రాదు. మనిషి పాలిపోయి ఉన్నాడని ఆశా కార్యకర్త ఇచ్చే రక్తం పట్టే గోలీల్లో ఇనుముతోపాటు ఫోలిక్‌ ఆమ్లం ఉంటుంది. మంచి మనసుతో ఇచ్చేదే. కానీ ఈ కీమో ఏ విటమిన్‌ను అడ్డుకోవడానికి ఇస్తున్నారో ఆ విటమిన్‌ అది. డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. వండుకు తినే ఆకుకూర మానాల్సిన పని లేదు. పసరు మందులు, కల్లు, సారా మాత్రం కాలేయం మీద భారమే. కల్లు మందు కాదా అని వాదించే పెద్దలు నిజామాబాద్‌ వైపు తక్కువేం కాదు, ఈ కొన్ని నెలలు వాళ్ల మాట వినకండి.

మందు ఎక్కాక కనీసం 48 గంటలు రోగి మూత్రంలోనూ, వాంతిలోనూ మందు ఉంటుంది. వాటిని ఎత్తేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి, మరుగుదొడ్లో రెండుసార్లు నీళ్లు పోయాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఆమెకు అప్పగించొద్దు. మెథోట్రెక్సేట్‌ పిండానికి తీవ్రమైన హాని చేస్తుంది. మందు ఆపాక కూడా ఆడవాళ్లు 6 నెలలు, మగవాళ్లు 3 నెలలు బిడ్డ కోసం ప్రయత్నించకూడదు.

రక్తక్యాన్సర్‌ పిల్లలకు ఇదే మందును తక్కువ మోతాదులో వెన్నులోకీ ఇస్తారు, అదే కోర్సులో విన్‌క్రిస్టిన్‌ నరంలోకి ఇస్తారు. విన్‌క్రిస్టిన్‌ పొరపాటున వెన్నులోకి పోతే దాదాపు ఎప్పుడూ ప్రాణమే పోతుంది. ఈ రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన ఉండకూడదని, విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాకుండా చిన్న సెలైన్‌ సంచిలో కలిపే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరించింది.

ఎముక క్యాన్సర్‌కు ముంబై టాటా మెమోరియల్‌తో సహా మన దేశంలో చాలా కేంద్రాలు ఈ పెద్ద మోతాదు లేకుండా వేరే మందుల కలయికతో వైద్యం చేస్తున్నాయి. ఖర్చు, రోజూ లెవెల్‌ చూసే ల్యాబ్‌ లేకపోవడం అందుకు పెద్ద కారణాలు. అది చేతకానితనం కాదు, తెలివైన నిర్ణయం. జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో డేకేర్‌ క్యాన్సర్‌ కేంద్రాలు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌ ప్రకటించింది. కుర్చీలు, సెలైన్‌ స్టాండ్లు రావడం కష్టమేమీ కాదు. లెవెల్‌ పరీక్ష లేనిచోట పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్‌ మాత్రం ఎన్నడూ ఇవ్వకూడదు. బోధన్‌, బాన్సువాడ ఆసుపత్రులకు ముందుగా కావలసింది వేరు. రాత్రిపూట కూడా గంటలో రక్తకణాల లెక్క చెప్పే ల్యాబ్‌, కీమో రోగి జ్వరంతో వస్తే వరుసలో నిలబెట్టకుండా మొదటి యాంటీబయోటిక్‌ మోతాదు ఎక్కించి పైకి పంపే ఒక డ్యూటీ డాక్టరు. రుద్రూర్‌లాంటి ఊళ్ల ప్రతినిధులు అడగాల్సింది ఈ రెండే.