దినం కాకముందే సంతకం పెట్టకండి: ప్రమాద మరణ పరిహారంపై అపోహలు – వాస్తవాలు

ఇంటాయన లారీ కింద పడి పోయాడు. పెద్దకర్మ ఇంకా కాలేదు. లారీ యజమాని తరఫున ఊరి పెద్దమనుషులు వచ్చి, యాభై వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర అడుగుతారు. "పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు కదమ్మా" అంటారు. దుఃఖంలో ఉన్న మనిషికి అది నిజమే అనిపిస్తుంది. ఎన్నో కుటుంబాలు నష్టపోయేది అక్కడే.

అపోహ: పరిహారం అంటే ఎవరో దయతలచి ఇచ్చేది.
వాస్తవం: అలా ఇచ్చేది ఎక్స్‌గ్రేషియా. పరిహారం హక్కు. మోటారు వాహనాల చట్టం–1988లోని 166వ సెక్షన్ కింద డ్రైవరు, బండి యజమాని, బీమా కంపెనీల మీద మృతుడి వారసులు క్లెయిమ్ ట్రిబ్యునల్‌లో ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేయవచ్చు. ప్రమాదం ఎక్కడో జరిగినా, మీరు ఉంటున్న చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు.

అపోహ: డ్రైవరు మీద క్రిమినల్ కేసు కొట్టేస్తే పరిహారం కూడా పోయినట్టే.
వాస్తవం: రెండూ వేరు. శిక్ష పడాలంటే అనుమానానికి తావులేని రుజువు కావాలి. పరిహారానికి అంత అక్కర్లేదు; రెండు వాదనల్లో ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు.

అపోహ: జడ్జిగారికి ఎంత తోస్తే అంత ఇస్తారు.
వాస్తవం: దానికో లెక్క ఉంది. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ, 2017లో ప్రణయ్ సేథీ కేసుల్లో దాన్ని స్థిరపరచింది. నెలకు 15,000 సంపాదించే 35 ఏళ్ల ఆటో డ్రైవరును తీసుకోండి. ఏడాదికి 1,80,000. ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీదే ఆధారపడి ఉంటే, సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలిన 1,89,000ని ఆ వయసుకు వర్తించే 16తో హెచ్చిస్తే 30,24,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, తోడు కోల్పోయినందుకు ఇచ్చేది దీనికి అదనం. ఇప్పుడు ఆ యాభై వేలను దీని పక్కన పెట్టి చూడండి.

అపోహ: గృహిణికి సంపాదన లేదు, పరిహారమూ రాదు.
వాస్తవం: తెల్లవారక ముందే లేచి వంట చేసి, పిల్లల్ని తయారుచేసి, ముసలివాళ్లకు మందులిచ్చే చాకిరీకి విలువ ఉంది. 2001లోనే లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు ఆ సేవకు నెలకు 3,000 రూపాయల లెక్క కట్టింది. గృహిణి విషయంలో కూడా భవిష్యత్ పెరుగుదలను కలపాలని 2021లో కీర్తి కేసులో చెప్పింది.

అపోహ: ఎల్ఐసీ డబ్బు వస్తే దాన్ని పరిహారంలో కోసేస్తారు.
వాస్తవం: కొయ్యరు. పోయినాయన కష్టపడి కట్టిన ప్రీమియం ఫలాన్ని గుద్దినవాడి ఖాతాలో వేయకూడదని 1998 నాటి హెలెన్ రెబెల్లో తీర్పుతోనే తేలిపోయింది.

అపోహ: గుద్దిన బండి దొరక్కపోతే ఇక చేసేదేం లేదు.
వాస్తవం: గుద్ది పారిపోయిన కేసుల్లో మరణానికి 2 లక్షల రూపాయలు ఇచ్చే పథకం ఉంది. దీనికి రెవెన్యూ అధికారులకు దరఖాస్తు పెట్టాలి. ఇక బండి దొరికిన కేసుల్లో, మనవాడి తప్పు కొంత ఉన్నంత మాత్రాన క్లెయిమ్ మొత్తం పోదు. ఆ మేరకే తగ్గుతుంది.

అపోహ: నిదానంగా, ఏడాది గడిచాక చూసుకోవచ్చు.
వాస్తవం: 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ఓపీ వేయాలి. కరెంటు షాక్, గోడ కూలడం లాంటి ఇతర నిర్లక్ష్యపు మరణాలకు ప్రాణాంతక ప్రమాదాల చట్టం–1855 కింద దావా వేయడానికి గడువు రెండేళ్లు.

అపోహ: వచ్చినదాంట్లో లాయరుకు వాటా ఇవ్వక తప్పదు.
వాస్తవం: గెలిచిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. పైగా ఆడవాళ్లకు, ఆదాయంతో పనిలేకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది.

ఆ సంస్థ కార్యాలయం సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండి బీమా కాగితం, ఆయన సంపాదనకు ఏదైనా రుజువు ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి. పెద్దమనుషులు మళ్లీ వస్తే, "కాగితం ఇచ్చి వెళ్లండి, లాయరుకు చూపించి చెబుతాను" అనండి. పిల్లల చదువు ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉండొచ్చు.