హెడ్‌ఫోన్‌కి ఆంప్ కొంటున్నారా? వాట్లు కాదు, వోల్టులు చూడండి!

షాద్‌నగర్‌లో కాపురం, శంషాబాద్ ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ. అర్ధరాత్రి ఇంటికొచ్చాక ఎవరి నిద్రా చెడగొట్టకుండా నాలుగు పాటలు వినాలంటే హెడ్‌ఫోనే దిక్కు. ఆ సరదా ముదిరినవాళ్ళు చివరికి స్టూడియో రకాల దగ్గర తేలతారు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అయితే 300 ఓములు. బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓముల రకం కూడా ఉంది. మనం రోజూ వాడే ఇయర్‌ఫోన్లు ఎక్కువగా 16, 32 ఓములవే. వేలు పోసి కొన్నది ఫోన్‌కి తగిలిస్తే పాట నీరసంగా వస్తుంది. అంతే, పెద్ద ఆంప్లిఫయర్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి పరుగు! కాస్త ఆగండి. ముందు లెక్క చూద్దాం.

ఓములు ఎక్కువైతే ఏమవుతుంది?

లోపలి కాయిల్‌ని బాగా సన్నటి తీగతో, ఎక్కువ చుట్లు చుడతారు. దానికి కరెంటు కొంచెమే చాలు, వోల్టేజి మాత్రం ఎక్కువ కావాలి. సన్నటి పైపులో నీళ్ళు జోరుగా రావాలంటే ట్యాంకు ఎత్తులో ఉండాలి కదా, అలాగన్నమాట.

600 ఓముల డీటీ 880 ఒక్క మిల్లీవాట్‌కే సుమారు 96 డెసిబెల్స్ ఇస్తుంది. మామూలుగా వినడానికి అదే ఎక్కువ. ఆర్కెస్ట్రా ఒక్కసారిగా ఎగసేచోట 110 దాకా వెళ్ళాలన్నా 25 మిల్లీవాట్లు, అంటే దాదాపు 4 వోల్టులు చాలు. ఒక వోల్టు దగ్గరే ఆగిపోయే డాంగిల్ అక్కడ చేతులెత్తేస్తుంది.

పెట్టె మీది అంకె

‘32 ఓముల దగ్గర 1000 మిల్లీవాట్లు’ అని రాసుంటే, 1 వాట్‌ని 32తో గుణించి వర్గమూలం తీయండి. 5.6 వోల్టులు. 600 ఓముల దగ్గర అది 53 మిల్లీవాట్లు. మన అవసరానికి రెట్టింపు! అదే ‘16 ఓముల దగ్గర 100 మిల్లీవాట్లు’ అయితే 1.26 వోల్టులే, చాలదు. ఇది అంచనా లెక్క. 300, 600 ఓముల దగ్గర ఎంతో కంపెనీ చెబితే దాన్నే చూడండి.

ఓములు కలవాలా?

ఉపగ్రహాల సిగ్నళ్ళు అందుకునే మన షాద్‌నగర్ ఎన్నారెస్సీ కేంద్రంలోనైనా, మేడ మీద డిష్ కేబుల్‌కైనా ఓములు కలవాలి. హెడ్‌ఫోన్‌కి ఆ సూత్రం వద్దు. ఆంప్ అవుట్‌పుట్ కూడా 600 ఓములుంటే సగం వోల్టేజి అక్కడే పోతుంది. హెడ్‌ఫోన్ ఓముల్లో ఎనిమిదో వంతు, అంటే 75కి మించకుండా ఉంటే మంచిది.

చెవులు జాగ్రత్త

ఈ రెండు రకాలూ బయటి చప్పుడుని ఆపవు. బస్సులో పెట్టుకుంటే హైవే రొద కూడా వినాల్సిందే. దాన్ని మించాలని వాల్యూమ్ పెంచకండి. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, 90 దగ్గర 4 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకో మాట. 600 ఓములది తీసి అదే ఆంప్‌కి 16 ఓముల ఇయర్‌ఫోన్ పెట్టేముందు వాల్యూమ్ సున్నాకి తిప్పండి. ఆంప్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, చెవులు పోతే ఏ గల్లీలోనూ దొరకవు.